రెండో చెంచా

దేవమ్మ చేతిలోని చేటను కాంతారావు మేస్త్రీ లాక్కుని అవతలికి విసిరేసినప్పుడు మిల్లు కళ్ళంలో ఉన్న ఆడవాళ్ళందరూ చూశారు. చూసి, తలలు వంచుకుని మళ్ళీ చెరగసాగారు. తర్వాత తమ వంతు వస్తుందేమోనని ప్రతి ఒక్కరికీ భయం. భయపడ్డారని వాళ్ళని తప్పుపట్టకండి. పొద్దున పని దొరికితేనే సాయంత్రం పొయ్యి వెలిగే ఇళ్ళు వాళ్ళవి.

గుడివాడ నుంచి పామర్రు వెళ్ళే రోడ్డు మీద ఉంది వెంకటాద్రి గారి రైసుమిల్లు. ఆ రోజు కొచ్చిను నుంచి బియ్యం వర్తకులు సరుకు చూసుకోవడానికి వచ్చారు. చెరిగేవాళ్ళు చాలక తవుడు గదిలోంచి దేవమ్మను కళ్ళంలోకి పిలిచారు. పదేళ్ళుగా తవుడు జల్లించి నూకలు తీసే మనిషి ఆవిడ. తవుడు గాలికి ఎగిరిపోతే నష్టమని ఆ గదికి కిటికీ పెట్టలేదు. ఎగిరిన తవుడు మరి ఎక్కడికి పోతుందో ఎవరూ అడగలేదు. అది దేవమ్మ లోపలికి పోయింది. చలికాలం వచ్చిందంటే ఆవిడకి దగ్గు తెర మొదలయ్యేది, మొదలైతే మెడ నరాలు పొంగి, కళ్ళు నీళ్ళు కారేదాకా వదిలేది కాదు. వాళ్ళలో ఒక వర్తకుడు గుప్పెట్లోకి బియ్యం తీసుకుని చూస్తుండగానే ఆ తెర వచ్చింది.

"ఇక్కడ క్షయ రోగుల చేత చెరిగిస్తారా?" అని వచ్చీరాని తెలుగులో అడిగి, ఆ వర్తకుడు గుప్పెడు బియ్యమూ నేల మీద పోసేసి కారెక్కాడు.

"పోవే! మళ్ళీ ఈ గేటు తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా!" అని అరిచాడు కాంతారావు.

"అయ్యా, నాకు క్షయ లేదయ్యా..." అంది దేవమ్మ. ఆ మాటలో సగం దగ్గులోనే పోయింది.

మర్నాటి నుంచి మిల్లుకి కొత్త చట్టం వచ్చింది. పొద్దున్నే కాంతారావు గేటు దగ్గర నిలబడతాడు. దగ్గు వినబడిన మనిషి అక్కణ్ణించే ఇంటికి. లోపలికి వెళ్ళాక దగ్గితే సగం కూలికే ఇంటికి. అప్పుడు చూడాలి మన జనం పడ్డ పాట్లు! ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. మగవాళ్ళు మిరియాలు నమిలారు. దగ్గు తన్నుకొస్తే చప్పుడులో కలిసిపోవాలని ఇంజను పక్కకి పరిగెత్తారు. ఒకడు దగ్గు బిగబట్టి, కళ్ళు తిరిగి, తిరిగే బెల్టు పక్కన పడ్డాడు. చెయ్యి ఊడకుండా బయటపడ్డాడంటే వాడి తల్లి చేసిన ప్రార్థన అనుకోవాలి.

అలాంటి సమయంలో వెంకటాద్రి గారికి దయ కలిగింది. ఒక పెద్ద డబ్బా నిండా నల్లటి మందు తెప్పించాడు. బెల్లం పాకంలా ఉండేది, తియ్యగా మొదలై చేదుగా దిగేది. పొద్దున్నే గేటు దగ్గర అందరూ వరసలో నిలబడాలి, నోరు తెరవాలి, కాంతారావు తలా ఒక చెంచా పోస్తాడు. చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె కోసం నోరు తెరిచినంత భక్తిగా తెరిచారు మిల్లు కూలీలుండే మన పాలెం జనం. మందు దిగిన కాసేపటికి దగ్గు పడుకునేది. మనిషికి కూడా మత్తుగా, హాయిగా ఉండేది. వెళ్ళగొట్టిన దేవమ్మను కూడా మళ్ళీ రానిచ్చారు.

"ఓనరు గారు దేవుడు," అంది ముత్యాలమ్మ. తవుడు గదిలో దేవమ్మ కంటే పాత మనిషి ఆవిడ. నోరు పెద్దది, ఒళ్ళు చిన్నది. "ఊరికే మందు పోసే ఓనరు ఏ మిల్లులో ఉన్నాడే?"

మందు మధ్యాహ్నం దాకానే పనిచేసేది. పొద్దు వాలేసరికి దగ్గు లేచేది, సగం కూలికి ఇంటికి పోయేవాళ్ళు పోయేవారు. దేవమ్మ తమ్ముడు రత్నరాజు అక్కడే వడ్లు ఆడించే హల్లరు మరకి డ్రైవరు. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది దేవమ్మే, తన పెళ్ళి మాట కూడా మర్చిపోయి. వాడు యూనియన్ పెట్టిన కొత్త రోజులవి. ఏ కోరికతో మొదలుపెట్టాలా అని రత్నరాజు ఆలోచిస్తుంటే జనమే చెప్పారు: మధ్యాహ్నం కూడా ఒక చెంచా పోయించు.

అంతే. యూనియన్ మొదటి పోరాటం దానికోసమే జరిగింది. హల్లర్లు ఆపేశారు. జెండా కట్టారు. "ఇవ్వాలి, ఇవ్వాలి! రెండో చెంచా ఇవ్వాలి!" అని గేటు దగ్గర గొంతు చించుకున్నారు. వెంకటాద్రి గారు మేడ మీంచి దిగివచ్చి, కుర్చీ వేయించుకుని కూర్చుని, చిరునవ్వు నవ్వి, "ఇంతేనా? దీనికి ఇంత గొడవెందుకయ్యా? ఇస్తాను," అన్నాడు. కాఫీ చల్లారేలోపల సమ్మె గెలిచింది. రత్నరాజును భుజాల మీద ఎత్తుకుని పాలెం దాకా తీసుకెళ్ళారు. ఆ సంగతి విని రోడ్డుకి అటూ ఇటూ ఉన్న మిల్లుల్లో కూలీలు కూడా మందు అడిగారు, వాళ్ళ ఓనర్లూ వెంటనే ఇచ్చారు. అంత సులువుగా ఎందుకిచ్చారని ఒక్కరికీ అనుమానం రాలేదు. ఓనరు నవ్వుతూ ఇచ్చినదాన్ని వెనక్కి తిప్పి చూడాలని మన వర్గానికి అప్పటికింకా తెలియదు.

కొన్నాళ్ళకి ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. దుమ్ము ఎక్కువగా ఉందని ఎవరో అర్జీ పెట్టారు. ఆయన తవుడు గది గుమ్మంలో చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"దగ్గు గిగ్గు ఏమన్నా ఉందామ్మా?" అని అడిగాడు.

ఆడవాళ్ళు మగత కళ్ళతో ఆయన్ని చూశారు. ఒక్కరూ దగ్గలేదు. "చూశారుగా సార్," అన్నాడు పక్కనున్న వెంకటాద్రి. "దుమ్ముంటే వీళ్ళు దగ్గకుండా ఉంటారా?" ఇన్‌స్పెక్టరు తల ఊపి భోజనానికి వెళ్ళాడు.

క్రిస్మస్ ముందు పొగమంచు పట్టింది. ఏటా ఆ రోజుల్లో దేవమ్మకి జబ్బు తిరగబెట్టేది. తెల్లవారుతూనే గుమ్మంలో కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు ఆనించి దగ్గి దగ్గి, కఫమంతా పోయాక వేడినీళ్ళు తాగి, కాస్త ఊపిరి తీసుకుని పనికి బయలుదేరేది. ఆ దగ్గుకే చుట్టుపక్కల వాళ్ళు నిద్ర లేచేవారు. ఆ ఏడు గుమ్మంలో దేవమ్మ లేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. రత్నరాజు ఆ నిశ్శబ్దానికి సంతోషించాడు.

"ఎలా ఉందక్కా?"

"బాగానే ఉందిరా. దగ్గు లేదుగా," అంది గోడకి ఆనుకుని. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగింది. "ఛాతీ మీద బస్తా పెట్టినట్టుంది, అంతే."

పెదవులు నేరేడుపండు రంగుకి తిరిగాయి. పడుకుంటే ఊపిరి ఆడక కూర్చునే నిద్రపోయేది. అయినా పొద్దునొక చెంచా, మధ్యాహ్నమొక చెంచా. ఒక మధ్యాహ్నం రెండో చెంచా తాగి వెళ్ళి జల్లెడ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి ఇక లేవలేదు. ముత్యాలమ్మ భుజం పట్టి కుదిపితే కళ్ళు తెరిచి, చిన్నగా నవ్వి, మళ్ళీ మూసుకుంది.

రత్నరాజు అక్కను రైల్లో బందరు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ అనంతపద్మనాభం అనే చిన్న వయసు డాక్టరు ఆవిడ వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు.

"దగ్గుతోందా?"

"లేదండీ. పూర్తిగా తగ్గిందండీ," అన్నాడు రత్నరాజు. ఆ మాట అంటున్నప్పుడు వాడి గొంతులో గర్వం ఉంది. "మిల్లులో రోజుకి రెండుసార్లు మందు పోయిస్తున్నామండీ. యూనియన్ తరఫున."

డాక్టరు ఆ మందెలా ఉంటుందో అడిగాడు. రంగు, రుచి, తాగాక వచ్చే మత్తు అన్నీ విన్నాడు. ఆయన మొహం మారిపోయింది.

"నల్లమందయ్యా అది! ఎవడు పోయమన్నాడు?"

"దగ్గు రోగం తగ్గాలనండీ..."

"దగ్గు రోగం కాదు. రోగం ఊపిరితిత్తుల్లో ఉంది. ఏళ్ళ తరబడి దుమ్ము పీల్చి అవి పాడైపోయాయి. ఇలాంటివాళ్ళకి చలికి జబ్బు తిరగబెడితే లోపల కఫం ఊరుతుంది, చిక్కబడుతుంది. దాన్ని బయటికి తోయడానికి మనిషికున్న దారి దగ్గు. దగ్గు ఎక్కువైందంటే, కఫం రంగు మారిందంటే లోపల ముదురుతోందని మనకి తెలుస్తుంది. మీరు ఆ తెలిసే దారీ మూశారు, పోయే దారీ మూశారు. పైగా ఆ మత్తుకి ఊపిరే మందగిస్తుంది."

"క్షయ కాదాండీ?"

"కఫం తీయించి చూస్తాను. నాకైతే అనిపించడం లేదు. ఎక్కడ పనిచేస్తుంది?"

చెప్పాడు. డాక్టరు కిటికీలోంచి బయటికి చూశాడు. "ఇక ఆ గదిలోకి పంపకు," అన్నాడు.

"మరి తినడానికండీ?"

డాక్టరు ఆవిడకి వార్డులో మంచం ఇమ్మని నర్సుతో చెప్పాడు. ఉన్నంతలో ఆయన చేయవలసినవన్నీ చేశాడు. మందు ప్రభావం తగ్గాక దేవమ్మకి దగ్గు తిరిగి వచ్చింది కానీ, దగ్గడానికి ఒంట్లో బలం లేదు. నోరు తెరిచి, కడుపు ఎగదన్ని, తమ్ముడి చెయ్యి పట్టుకుని ప్రయత్నించింది. "దగ్గక్కా, దగ్గు!" అని రత్నరాజు బతిమాలాడు. ఎవరి దగ్గు ఆపాలని జెండా కట్టాడో ఆ మనిషిని దగ్గమని ఏడ్చాడు. కఫం పరీక్షలో క్షయ లేదని తేలింది. ఆ మాట చెప్పడానికి డాక్టరు వచ్చేసరికి దేవమ్మ పోయింది.

సమాధుల దొడ్లోంచి తిరిగొచ్చి జనమంతా చర్చి ముందు కూర్చున్నారు. రత్నరాజు డాక్టరు చెప్పినదంతా చెప్పాడు.

"నువ్వు జెండా కట్టి తెచ్చిన మందేగా అది?" అన్నాడు బస్తాలు మోసే దైవాధీనం. వాడి భార్యకి కూడా దగ్గు. "ఓనరు పోసింది ఒక చెంచా. రెండోది పోయించింది నువ్వు."

"అవును, నేనే," అన్నాడు రత్నరాజు. "ఆయన అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే మనకి తెలియాల్సింది. తవుడు గదికి దుమ్ము లాగే ఫ్యాను పెట్టమని అడిగుంటే ఒప్పుకునేవాడా? మనల్ని లోపలే కుళ్ళబెట్టి, బయటికి చప్పుడు లేకుండా చేసుకున్నాడు. మొన్న ఇన్‌స్పెక్టరు వస్తే మనమే దగ్గకుండా కూర్చుని సాక్ష్యం చెప్పాం, దుమ్ము లేదని. రేపటి నుంచి మందు తాగొద్దు. ఫ్యాను పెట్టాలి. దగ్గినవాళ్ళని పంపెయ్యకూడదు. అదీ మన కోరిక."

"తాగకపోతే దగ్గొస్తది. దగ్గితే గేటు దాటనివ్వరు. పిల్లలకేం పెట్టాలయ్యా?"

"ఒక్కళ్ళు దగ్గితే పంపుతాడు. అందరం దగ్గితే మిల్లు ఎవరితో ఆడిస్తాడు?"

"ముదినేపల్లి నుంచి లారీలో కూలీల్ని తెస్తాడు!" అని ముత్యాలమ్మ లేచింది. ఆవిడ ఒళ్ళు వణుకుతోంది. రెండు పూటలుగా మందు లేదు, శవం దగ్గరే ఉండిపోయింది. "నీకేం తెలుసురా కుర్రకుంకా! అది లేకపోతే నాకు ఎముకలు పీకుతున్నాయి. కంటి మీద కునుకు లేదు. దేవమ్మ నా ముందే కళ్ళు మూసుకుంది, నాకు ఏడుపు రాలేదా? వచ్చింది. అయినా నాకు ఆ మందు కావాలి. రేపు నేను నోరు తెరుస్తాను. నన్నెవరు ఆపుతారో చూస్తాను!"

కొందరు ఆవిడ వెంటే లేచి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు చీకటి పడేదాకా వాదించుకున్నారు. అన్నలారా, సభలో అందరూ చేతులెత్తి జై కొట్టారని రాయడం తేలిక. ఆ రోజు అలా జరగలేదు.

మర్నాడు పొద్దున్న మంచులో గేటు ముందు వరస కట్టారు. మొదట రత్నరాజు.

"నోరు తెరువు," అన్నాడు కాంతారావు.

రత్నరాజు పెదవులు బిగించాడు. వెనక దైవాధీనం, వాడి భార్య, హల్లరు వాళ్ళు, కళ్ళం వాళ్ళు అలాగే నిలబడ్డారు. కొందరు మాత్రం తలలు దించుకుని తెరిచారు. ముత్యాలమ్మ వంతు వచ్చింది. మందు వాసనకి ఆవిడ నోట్లో నీళ్ళూరడం పక్కవాళ్ళకి కనిపించింది. చెంచా పెదవులకి తగిలింది.

"మేస్త్రీ గారండీ," అంది ఆవిడ. "మీరెప్పుడన్నా తాగారా ఇది?"

"నాకెందుకే? నాకు దగ్గు లేదు."

"మీకెందుకు లేదండీ? ఈ మిల్లులోనే కదా మీరూ ఉండేది?"

"నేను తవుడు గదిలో ఉంటానా ఏంటి? నోరు తెరవ్వే!"

అబద్ధం చెప్పడం రాని మేస్త్రీ నిజం చెప్పేశాడు. ముత్యాలమ్మ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. కొంగు తీసి నోటికి అడ్డంగా గట్టిగా కట్టేసుకుని వెళ్ళి రత్నరాజు పక్కన కూర్చుంది. ఆవిడ వెనకున్న ఒక్కరూ నోరు తెరవలేదు.

వెంకటాద్రి గారు కారులో వచ్చాడు. ఈసారి కుర్చీ అడగలేదు.

"నా సొంత ఖర్చుతో మందు పోయిస్తే మీరు చేసే మర్యాద ఇదా?"

"మందు మీరుంచుకోండి. ఫ్యాను పెట్టండి," అన్నాడు రత్నరాజు.

"ఫ్యాను పెడితే తవుడు ఎగిరిపోదూ?"

"ఇప్పుడెక్కడికి పోతోందండీ? మా అక్కతోపాటు పాతిపెట్టి వచ్చాం నిన్న."

మధ్యాహ్నానికి పోలీసులు వచ్చారు. క్షయ రోగులు రోడ్డు మీద చేరి జనానికి జబ్బు అంటిస్తున్నారని ఫిర్యాదు. ఎస్సై రత్నరాజును జీపు ఎక్కించాడు. దైవాధీనాన్ని కూడా ఎక్కించాడు. జీపు కదులుతుంటే రత్నరాజు తల బయటికి పెట్టి, "మందు ముట్టకండి! దగ్గు వస్తే దగ్గండి!" అని అరిచాడు. కానిస్టేబులు మెడ పట్టి లోపలికి వంచాడు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడానికి మాటలు చాలవు. మందు మానిన ఒళ్ళు ఎదురు తిరిగింది. విరేచనాలు, వణుకు, ఒళ్ళంతా పీకులు. అణగదొక్కిన దగ్గంతా ఒక్కసారి లేచింది. పొద్దున్నే పాలెంలో ప్రతి గుమ్మంలోనూ ఎవరో ఒకరు మోకాళ్ళు పట్టుకుని దగ్గుతూ కనిపించారు. డాక్టరు చెప్పినట్టు ఆవిరి పట్టారు, వేడినీళ్ళు తాగారు, వీపులు తట్టించుకున్నారు. ముగ్గురు తట్టుకోలేక రహస్యంగా వెళ్ళి కాంతారావు ముందు నోరు తెరిచారు. కాలేజీ కుర్రాళ్ళు కొందరు బజార్లో తిరిగి బియ్యం పోగుచేసి తెచ్చారు. గంజి కాచుకుని తాగి మనవాళ్ళు మళ్ళీ గేటు ముందుకి వెళ్ళారు. రత్నరాజును బయటికి వదలలేదు. లాకప్పులో వాడికీ దగ్గు పట్టిందని కబురొచ్చింది.

ముత్యాలమ్మ అన్నట్టే ముదినేపల్లి వైపు నుంచి లారీ వచ్చింది. అందులో కోతలు అయిపోయి పని లేక ఖాళీగా ఉన్న ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని నిలబడి ఉన్నారు. లారీకీ మనవాళ్ళకీ మధ్య పోలీసులు లాఠీలు అడ్డం పెట్టారు. కాంతారావు లారీ వెనక తలుపు గొలుసు తీశాడు.

"దిగండి, దిగండి! లోపలికి పదండి! ఆ రోగిష్టి మొహాల వంక చూడకండి!"

మన కుర్రాళ్ళు రాళ్ళు తీశారు. "వద్దురా! మనలాంటివాళ్ళేరా వాళ్ళూ!" అని ముత్యాలమ్మ అడ్డం వెళ్ళింది. ఇంకా ఏదో అనబోయింది గానీ దగ్గు తెర వచ్చింది. వంగిపోయి, కడుపు పట్టుకుని దగ్గింది. దగ్గుతూనే ముందుకి నడిచింది. ఎదురుగా ఉన్న కానిస్టేబుళ్ళు జబ్బు అంటుకుంటుందని రెండు పక్కలకీ తప్పుకున్నారు. లాఠీ ఎత్తినవాడు కూడా ముక్కు మూసుకుని జరిగాడు. ఆవిడ లారీ దాకా వెళ్ళి తలుపు పట్టుకుని నిలబడింది.

దగ్గు ఆగేదాకా లారీలో ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టి చూశారు. ముత్యాలమ్మ అరచేతిలో ఉమ్మి, ఆ చెయ్యి పైకెత్తింది. చిక్కటి కఫం, తవుడు రంగులో ఉంది.

"చూడండమ్మా," అంది. గొంతు పీలగా ఉంది. "పని మానేసి ఇన్నాళ్ళయింది. ఇంకా ఇదే రంగు. ఇది క్షయ కాదు, ఈ మిల్లు తవుడు. మా దేవమ్మ దీన్ని బయటికి తియ్యలేకే చచ్చిపోయింది. మీకూ పిల్లలున్నారు, మీకూ ఆకలేస్తది. నేను అడ్డం పడుకోను. చూసుకుని దిగండి."

దిగడానికి తలుపు మీద కాలు పెట్టిన మనిషి కాలు అక్కడే ఉంచి ఆగింది. నడివయసు ఆవిడ, మెళ్ళో పసుపు తాడు. ఆ అరచేతిని, ముత్యాలమ్మ మొహాన్ని, గేటు లోపల మూసివున్న తవుడు గదిని చూసింది.

"ఏం కావాలంటున్నారు మీరు?"

"దుమ్ము లాగే ఫ్యాను."

"అది పెడితే ఇది తగ్గుద్దా?"

"నాకు తగ్గదమ్మా. నాది ముదిరింది. మీకు రాదు."

"దిగవే ముందు! కబుర్లేంటి?" అని కాంతారావు ఆవిడ చెయ్యి పట్టుకుని లాగాడు.

ఆవిడ చెయ్యి విదిలించుకుంది. "దిగుతున్నాగా, లాగుతావేం?" అంటూ దిగింది. దిగి, గేటు వైపు వెళ్ళలేదు. కానిస్టేబుళ్ళ మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చి, మన ఆడవాళ్ళు కూర్చున్న చోట ముత్యాలమ్మకి చోటు వదిలి, ఆ పక్కన నేల మీద కూర్చుంది.

లారీలోంచి ఇంకొకరు దిగారు. ఇంకొకరు దిగారు. "అటు కాదు! ఇటు!" అని కాంతారావు గేటు రెక్క పట్టుకుని అరుస్తూనే ఉన్నాడు. వాళ్ళు వచ్చి కూర్చుంటూనే ఉన్నారు. లారీ ఖాళీ అయింది, మిల్లు ఖాళీగానే ఉంది.